కరీమున్ వదిలిన సందు

గుండ్లరేవు పంచాయతీ కుళాయి దగ్గర కరీమున్ బిందె ఎప్పుడూ చివరిదే. ముందు వచ్చినా చివరిదే. వరసలో పెట్టిన బిందెని సుబ్బరావమ్మ కాలితో తన్నేది.

"తాగుబోతు పెళ్ళానికి వరసేంటే? నీ మొగుడు మమ్మల్ని ముంచిన నీళ్ళు చాల్లేదా?"

మిగతా ఆడవాళ్ళు తలలు తిప్పుకునేవాళ్ళు. కరీమున్ దొర్లిన బిందెని తెచ్చుకుని, పడిన సొట్ట ఒకసారి తడిమి చూసుకుని, వరస చివర నిలబడేది. అలా ఐదేళ్ళు నిలబడింది.

సుబ్బరావమ్మ మీద ఆమెకు కసి లేదు. కూతురు పోయిన తల్లి ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి. తిట్టవలసిన మనిషి ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పిన కరీమున్‌ని నమ్మలేదు. కరీమున్ కసంతా ఆ మనిషి మీదే ఉంది. ఆ మనిషి పేరు త్రినాథ్. రేవు కాంట్రాక్టరు. కృష్ణ మీద ఆ రేవులో నడిచే పడవలన్నీ అతనివే.

కరీమున్ మొగుడు బుడాన్ ఆ పడవల్లో పెద్దదాన్ని నడిపే సరంగు. పుట్టుక దూదేకులవాడు. పరుపుల దుకాణాలు వచ్చి దూదేకడం ఏ మూలకీ చాలకపోతే ఏటి ఒడ్డుకి చేరాడు. చేతిలో ఉన్న విద్య అక్కడా పనికొచ్చింది. పడవ పలకల సందుల్లో ఏకిన దూదిని తాడులా పేని, ఉలితో దట్టించి, పైన నూనెలో కాచిన గుగ్గిలం పొయ్యాలి. దూది ఏకి పేనేది కరీమున్, దట్టించేది బుడాన్. ఏటా పడవని ఒడ్డుకు లాగి చేసే పని అది.

తొంభై తొమ్మిదిలో, మిరపకోతల రోజుల్లో, సందులు విడిచాయి. పడవని ఒడ్డుకు లాగాలన్నాడు బుడాన్.

"కోతలప్పుడు పడవ ఒడ్డునేసుకుని ఈగలు తోలుకుంటావా? ఏదో ఒకటి పూసి నడపరా," అన్నాడు త్రినాథ్. బుడాన్ లేని పూట మేస్త్రీని పెట్టి సందుల్లో సిమెంటు మెత్తించాడు.

సిమెంటు గోడకి ఆగుతుంది. కదిలే కొయ్యకి ఆగదు. మర్నాడు సాయంత్రం కోత నుంచి తిరిగొస్తున్న ఆడకూలీలతో పడవ నడిమడుగులో కూర్చుండిపోయింది. ఈత వచ్చిన బుడాన్ ఇద్దరిని గట్టుకు చేర్చి, మూడో మనిషి కోసం వెళ్ళి రాలేదు. ఆ మూడో మనిషి సుబ్బరావమ్మ కూతురు నాగజ్యోతి.

శవాలు తేలకముందే త్రినాథ్ స్టేషన్లో చెప్పేశాడు: సరంగు తాగి ఉన్నాడని. కాగితం మీద అదే పడింది. చుక్క ముట్టని మనిషండీ అని కరీమున్ మొత్తుకుంటే, "మొగుణ్ణి వెనకేసుకు రాక ఏం చేస్తుందిలే," అన్నారు. పాత పడవవాడు ఆదెయ్యకి నిజం తెలుసు. త్రినాథ్ దగ్గర బతకాలి కనుక నోరు కుట్టేసుకున్నాడు.

రెండువేల నాలుగులో కృష్ణ పుష్కరాలు వచ్చాయి. మునిగిన ఆ పడవనే త్రినాథ్ పైకి తీయించి, రంగులేయించి, కొత్త స్తంభం నిలబెట్టి తెరచాప కట్టించాడు. యాత్రికులను ఏటి మధ్య లంక దాకా షికారు తిప్పే పడవట. రంగు పూయొచ్చు కానీ సందులు ఎవరు కూరతారు? ఫైబరు పడవలొచ్చాక ఆ పని చేసేవాళ్ళే మిగల్లేదు. ఆదెయ్యని కరీమున్ ఇంటికి పంపాడు.

"నీ మొహం చూడ్డానికి నాకే సిగ్గుగా ఉందమ్మాయ్. కాదంటే వెళ్ళిపోతా," అన్నాడు ఆదెయ్య గుమ్మంలోనే నిలబడి.

కరీమున్ మొగుడి ఉలీ, కొయ్యసుత్తీ తెచ్చి గడప మీద పెట్టింది. తర్వాత, "చేస్తాను. కానీ పాత పద్ధతి ప్రకారం జరగాలని చెప్పు," అంది. రేవులో పాత పద్ధతి ఒకటుండేది. బాగు చేసిన పడవని నీళ్ళకి దించితే మొదటిసారి దాంట్లో పనిచేసినవాళ్ళూ, యజమానీ కలిసి ఏరు దాటాలి. త్రినాథ్ తండ్రి ఉన్నంతకాలం ఎక్కేవాడు. త్రినాథ్ ఒక్కసారీ ఎక్కలేదు. అతనికి ఈత రాదు.

"దండలూ, డప్పులూ పెట్టిద్దాం, ఎక్కుతాన్లే," అన్నాడు త్రినాథ్. పుష్కరాల ముందు పదిమందీ చూస్తారుగా!

పడవ ఇంకా రేవు అంచున, లోతులేని నీళ్ళలో నేలకి ఆనుకుని ఉండగానే చిల్లర పనులు మొదలయ్యాయి. ఆదెయ్య లంగరు తాడు మార్చాడు, చుక్కానికి నూనె పెట్టాడు, పిడచగట్టిన తాళ్ళన్నీ విప్పి ఎండేశాడు. తెరచాప చిరుగులను కరీమున్ మిరపకాయ టిక్కీల గోనెలు కుట్టే దబ్బనంతో కుట్టింది. తర్వాత స్తంభం ఊడదీసి, ఎద్దులు కట్టి పడవని ఒడ్డుకు లాగి బోర్లించారు. పాచి గీకారు. కొత్త రంగు కూడా గీకారు.

రంగు కింద సిమెంటు.

ఉలి తగలగానే పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చింది. కరీమున్ ఒక్కొక్కటీ ఏరి కొంగున కట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమె కొయ్యసుత్తి మోత మారిపోయింది. దెబ్బ దెబ్బకీ ఒకే మొహం కనిపిస్తోంది. యజమాని కూర్చునే బల్ల కింద సందు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ దూది పెట్టకుండా గుగ్గిలం మాత్రం పూసి వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఒక పూటంతా అలాగే వదిలేసింది కూడా.

మర్నాడు వచ్చి గట్టిగా దట్టించింది. జాలిపడి కాదు. మాఘమాసంలో ఇదే పడవలో మళ్ళీ మిరపకోత కూలీలు ఎక్కుతారు. త్రినాథ్ ఒక్కడే ఎక్కే పడవైతే ఆ సందు అలాగే ఉండేది.

పడవని దించే రోజు రేవు నిండిపోయింది. డప్పులు మోగుతుంటే త్రినాథ్ మెడలో దండతో ఎక్కి తన బల్ల మీద కూర్చున్నాడు. ఆదెయ్య వెళ్ళి సుబ్బరావమ్మని పిలుచుకొచ్చాడు.

"దీని పక్కన నేను కూచోనా?" అంది ఆమె కరీమున్‌ని చూసి.

"కూచో వదినా. నువ్వు వినాల్సిన మాటొకటి ఉంది," అన్నాడు ఆదెయ్య.

"మునిగితేనో?"

"ఈత నాకొచ్చుగా!"

"పోతే పోనీలే. నా పిల్ల పోయిన నీళ్ళేగా," అని ఎక్కి కూర్చుంది.

తెరచాపకి గాలి పట్టింది. డప్పుల మోత వెనకబడింది. నడిమడుగు దగ్గరికి వచ్చేసరికి త్రినాథ్ కొత్త చెప్పుల కింద తడి తగిలింది. కిందకి చూశాడు. పలకల మధ్య నుంచి సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి.

"ఏంటే ఇది? నీళ్ళొస్తున్నాయేంటి?"

"కూర్చోండి త్రినాథ్ గారూ. ఒక సందు వదిలేశాను," అంది కరీమున్.

"ఏ సందు?"

"చెప్పను."

అతను బల్ల మీదికి ఎక్కబోయాడు. పడవ ఊగింది. మెడలో దండ తెగి నీళ్ళలో పడింది.

"ఒరేయ్ ఆదెయ్యా! ఒడ్డుకి పట్టరా!"

"గాలి ఎదురండీ," అన్నాడు ఆదెయ్య. చుక్కాని మీద చెయ్యి కదల్లేదు.

కరీమున్ కొంగు విప్పి సిమెంటు పెళ్ళలు అతని కాళ్ళ దగ్గర గుమ్మరించింది. "ఇది ఎవరు పెట్టించారో సుబ్బరావమ్మక్కకి చెప్పండి. చెప్తే సందు చూపిస్తా, మూసుకుందురు."

"నాకేం తెలుసే? మీ ఆయనే..."

"మా ఆయన మిమ్మల్ని ఏమడిగాడు?"

నీళ్ళు మడమ దాకా వచ్చాయి. త్రినాథ్ బల్ల అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఒడ్డుకు లాగమన్నాడు. నేనే వద్దన్నా. నేనే పూయించా. అయిపోయిందా? చూపించు!"

"తాగాడా?"

"లేదు! తాగలేదు! తాగాడని నేనే చెప్పా! నీకు దణ్ణం పెడతానే, చూపించవే!"

సుబ్బరావమ్మ ఒక సిమెంటు పెళ్ళ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడవలేదు. "దీనికా నా పిల్ల పోయింది," అంది.

కరీమున్ డొప్ప అందుకుని నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. "ఏ సందూ వదల్లేదండీ. ఎండిన కొయ్య కదా, దించిన రోజు ఇలాగే ఊరుతుంది. తడిసి ఉబ్బాక దానంతటదే మూసుకుంటుంది. పడవల మీద బతికే యజమానికి ఇంతమాత్రం తెలియదా?"

ఆదెయ్య పకపకా నవ్వాడు. ఐదేళ్ళుగా దాచుకున్న నవ్వులా ఉంది.

ఒడ్డు ఎక్కగానే త్రినాథ్ మాట మార్చాడు. ప్రాణం మీదికి తెచ్చి చెప్పించిందని, కరీమున్ మీద హత్యాయత్నం కేసు పెట్టమని స్టేషన్‌కి పరిగెత్తాడు. అతని వెనకే సుబ్బరావమ్మ వెళ్ళి, కొంగులోని సిమెంటు పెళ్ళని బల్ల మీద పెట్టి, విన్నది విన్నట్టు చెప్పింది. ఆదెయ్య కూడా నోరు విప్పాడు. కరీమున్ మీద కేసు నిలబడలేదు. త్రినాథ్ మీద కేసు మొదలే కాలేదు. పాత ఫైలు మూసేశారట, తెరవడానికి పైనుంచి మాట రావాలట.

మర్నాడు కుళాయి దగ్గర సుబ్బరావమ్మ తన బిందెని పక్కకి జరిపింది. "చూస్తావేంటే? నీళ్ళాగిపోతాయి, పెట్టు," అని కసిరింది. క్షమించమని అడగలేదు. కరీమున్ కూడా ఎదురుచూడలేదు.

కరీమున్ కసి సగమే తీరింది. ఊరి నోట్లోంచి 'తాగుబోతు' అన్న మాట పోయింది, సర్కారు కాగితం మీది నుంచి పోలేదు. పడవని సిమెంటుతో మెత్తించినవాడు ఇవాళ్టికీ రేవు కాంట్రాక్టరే.

ఆ పైనుంచి రావలసిన మాట మీరే పంపాలి. ఒక కార్డు ముక్క మీద కలెక్టరుకి రాయండి: గుండ్లరేవు ఫైలు తెరవమని, బుడాన్ పేరు మీద రాసిన అబద్ధం కొట్టెయ్యమని. ఇక మీ ఊరి రేవులో, పడవ ఎక్కే ముందు, యజమానిని పిలవండి. ముందు ఆయన్ని ఎక్కమనండి. ఎక్కనంటే మీరూ ఎక్కకండి, మీ వెనకున్నవాళ్ళనూ ఎక్కనివ్వకండి.