నాగమ్మ అడిగిన ప్రశ్న

పందొమ్మిది వందల యాభైలలో కోసిగి దగ్గర ఒక బడిలో లెక్కల మాస్టరుగా కొత్తగా చేరాను. తరగతిలో ఒక్కతే ఆడపిల్ల, నాగమ్మ. ఒకరోజు బీజగణితం చెబుతుంటే లేచి నిలబడింది.

"నిన్న ఎక్స్ అంటే మేకలంటిరి, పన్నెండంటిరి. ఈ పొద్దు గంటలంటాండారు, ఐదంటాండారు. ఒగే ఎక్స్ ఇన్ని ఎట్లయితాది సార్?"

నాకు చప్పున జవాబు తోచలేదు. అది బయటపడకూడదని, "మేకలు కాసుకునేదానివి, నీకెందుకీ లెక్కలు?" అన్నాను. తరగతంతా గొల్లున నవ్వింది. నాగమ్మ తల దించుకుని కూర్చుంది.

మర్నాటి నుంచి బడికి రాలేదు. నాలుగో రోజు మనసాగక వాళ్లింటికి వెళ్లాను. అవ్వ ఒక్కతే ఉంది.

"అమ్మానాయనతో బళ్లారి పక్కకు కూలికి పోయిందప్పా. ఏటా వాళ్లు పిలిస్తే, బడికి పోవల్ల, నేను రానని ఏడ్చి నా దగ్గరే ఉంటాండె. ఈసారి ఎవురూ పిల్చకుండానే మూట కట్టుకునె."

నేనన్న మాట ఆ అవ్వకు చెప్పకుండానే తిరిగి వచ్చేశాను.

నాగమ్మ మళ్లీ బడికి రాలేదు. ఎక్స్ అనేది తెలియని సంఖ్యకు ఆ ఒక్క లెక్క వరకు మనం పెట్టుకునే పేరని, ఇంకో లెక్కలో అది ఇంకొకటవుతుందని తర్వాత ఎన్నో తరగతులకు చెప్పాను. అంత చిన్న జవాబు. అడిగిన పిల్లకు మాత్రం చెప్పలేదు.