ఎనిమిదో కోటలో మా పెద్దత్త

ఆ రోజుల్లో మా ఇంటి పరువు నిజంగానే బరువుగా ఉండేది. నలుగురు పడితే గాని కదిలేది కాదు. అది మా తాతగారి టీవీ. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. ఈమధ్య మా అరకులో ఏ కొత్త హోమ్‌స్టేకి వెళ్లినా పాత ట్యూబ్ టీవీని డొల్ల చేసి, రంగులు పూసి, అందులో ఎర్ర చేపలు పెంచుతున్నారు. అతిథులు దాని పక్కన నిలబడి వేళ్లు రెండు చూపిస్తూ ఫొటోలు దిగుతున్నారు. జీవితమంతా జనానికి ఊడిగం చేసిన వస్తువుకి చివరికి పొట్టలో చేపలా? అది చూసినప్పుడల్లా నా ఒళ్లు మండిపోతుంది, ఆ మంట పైకి కూడా వినిపిస్తుంది. (అందుకే మా ఆవిడ నన్ను అలాంటి చోట్లకి తీసుకెళ్లడం మానేసింది.) మా టీవీ గురించి నాలుగు మాటలు రాసి పెట్టాలనిపించింది ఆ చేపల వల్లే.

మా ముత్తాత సాలూరు వైపునుంచి పసుపు, చింతపండు వ్యాపారం మీద కొండెక్కి వచ్చాడు. తాతగారి నాటికి మాకు రెండు జీపులు, ఒక గోదాము, ముంచింగిపుట్టు సంత దాకా షావుకార్లన్న పేరు ఉండేవి. బజారులో మొదటి రంగుల టీవీ మాదే. టేకు పెట్టె, దానికి రెండు తలుపులు, తలుపులకి ఇత్తడి గొళ్లెం. తాతగారు దానితోపాటు ఒక కట్టుబాటు కూడా కొన్నారు. టీవీ పెట్టినప్పుడు వీధి తలుపు తీసి ఉంచాలి. ఎవరొచ్చినా కూర్చోవచ్చు. సంతరోజు కొండమీది ఊళ్లవాళ్లు అమ్మకాలు ముగించుకుని, ఖాళీ గంపలు అరుగుమీద పెట్టి, మా హాల్లో చాపలమీద కూర్చుని బొమ్మ చూసి వెళ్లేవారు. ఒక ఇంటికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది? తర్వాత తాతగారు పోయారు, జీపులు పోయాయి, గోదాములో బొంగు చికెన్ హోటలు వెలిసింది. ఇంటింటికీ సొంత టీవీలు వచ్చాక మా హాల్లోకి రావలసిన పని ఎవరికీ లేకపోయింది. మాకు టీవీ మిగిలింది, దానికి కాపలాగా మా పెద్దత్త మిగిలింది. పెద్దత్త మా నాన్నకి అక్క. ఆవిడ మాటకి మా నాన్నే ఎదురు చెప్పడు, నేనెంత?

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. పర్యాటకుల లాడ్జిలో రిసెప్షన్‌లో కూర్చుని, షావుకారి మనవణ్ణయి ఉండి, వేడినీళ్లు ఎప్పుడొస్తాయని అడిగేవాళ్లకి జవాబు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు మాత్రం నావి. అటకమీద నా చిన్ననాటి టీవీ గేమ్ దొరికింది. పైన క్యాసెట్ గుచ్చి ఆడే పెట్టె. అందులో ఒక ఆట ఉంది: రాజ్యం పోగొట్టుకున్న రాజు చినిగిన బట్టలతో ఎనిమిది కోటలు దాటి తన సింహాసనం తిరిగి తెచ్చుకోవాలి. (ఆ ఆటే ఎందుకని స్నేహితులు ఎగతాళి చేసేవారు. నేను జవాబు ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను.) కొత్త టీవీలో ఆ రాజు రంగు గళ్ల ముక్కలా కనిపిస్తాడు. మా ట్యూబ్ టీవీలో కనుబొమలతో సహా కనిపిస్తాడు. ఆ తేడా లోకానికి చూపించాలని గేమ్ పెట్టెని టీవీమీద పెట్టి, ఎదురుగా ఫోన్ నిలబెట్టి, లైవ్ మొదలుపెట్టాను. చానల్ పేరు ‘షావుకారి టీవీ’. సిగ్నల్ మా ఇంట్లో కిటికీ దగ్గర మాత్రమే వచ్చేది కాబట్టి, నెట్ పంచడానికి రెండో ఫోన్‌ని గుడ్డసంచిలో వేసి కిటికీ ఊచకి వేలాడదీసేవాణ్ణి.

ట్యూబ్ టీవీని ఫోన్‌తో తీస్తే తెరమీద నల్లని పట్టీలు కిందికి జారుతూ కనిపిస్తాయి. చూసేవాళ్లకి కళ్లనొప్పి. ఫోన్ కెమెరాలో సెట్టింగులు ఒక్కొక్కటే మార్చి మార్చి, ఎన్నో సాయంత్రాలు తగలేసి, చివరికి ఒక్క పట్టీ కూడా లేకుండా చేశాను. చేసిన పాపం అదే. విశాఖపట్నంలో ఇలాంటి పాత ఆటలే ఆడే ఒకడుండేవాడు. వాడికి చూసేవాళ్లు ఎక్కువ, అందరూ వాణ్ణి బీచ్‌రోడ్ బావ అనేవారు. వాడు ఒకరోజు తన లైవ్‌లో నా టీవీ బొమ్మ చూపించి అన్నాడు కదా, “ఇంత నీట్‌గా ట్యూబ్ టీవీ ఎవడికొస్తాది గురూ? ఇది కంప్యూటర్. పైన పాత టీవీలా కనిపించే ఫిల్టర్ ఎట్టీసాడు. అయినా అరకులో అంత పెద్ద టీవీ ఎవుడింట్లో ఉంటాది?”

నేను మోసగాణ్ణన్న మాట మింగగలిగాను. ఆ చివరి వాక్యం మింగలేకపోయాను. ఎవడింట్లో ఉంటుందా? మా ఇంట్లో ఉంటుంది! ఆ వారమంతా లాడ్జిలో అతిథులు రెండో దుప్పటి అడిగినా నాకు ఆ ప్రశ్నే వినబడింది. సవాలు విసిరాను. ఫోన్ దూరంగా పెడతాను. టీవీ, తీగలు, నేను, అన్నీ కనిపించాలి. మొదటి కోటనుంచి ఎనిమిదో కోటదాకా ఒక్క బిగిన, మధ్యలో ఆపకుండా ఆడి గెలుస్తాను. గెలిస్తే బీచ్‌రోడ్ బావ మా ఇంటికొచ్చి, మా గుమ్మంలో నిలబడి, క్షమాపణ చెప్పాలి. వాడు సరేనన్నాడు. నాకు సెలవు సంతరోజే కాబట్టి ఆ మధ్యాహ్నమే ముహూర్తం పెట్టాను.

ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. వీధి తలుపు మూసి గడియ పెట్టాను. లైవ్ మొదలుపెట్టి, “నమస్కారం, ఇది మా తాతగారి టీవీ,” అని గంభీరంగా అన్నానో లేదో, వెనకనుంచి పెద్దత్త గొంతు.

“ఒరే, తలుపెందుకేసినావురా?”

“అత్తా, లైవ్‌లో ఉన్నాను. గట్టిగా మాట్లాడకు.”

“లైవో గీవో నాకు తెలవదు. టీవీ ఎట్టినప్పుడు తలుపెయ్యకూడదని మా నాన్న సెప్పలేదేటి? ఏటి సేత్తన్నావు నువ్వు, ఇంటి పద్దతి మార్సేత్తన్నావా?” అంటూ గడియ తీసి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. అంతటితో ఆగిందా? అరుగుమీదకి వెళ్లి, “రండర్రా, షావుకారి టీవీ ఎట్టినారు! బేగి రండి!” అని సంతకి వినిపించేలా పిలిచింది.

ఎందుకు రారు? ముందుగా వచ్చినవాడు మేము కాఫీ తాత అని పిలిచే ముసలాయన. కొండమీద తన కాఫీ తోట చూసుకుంటూ, మా తాతగారి కాలంనుంచి సంతరోజు మా హాల్లో గోడవారగా ఒకేచోట కూర్చునే మనిషి. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చి, అదే చోట, నిన్ననే లేచి వెళ్లినట్టు కూర్చున్నాడు. ఆయన వెనక గంపలతో ఆడవాళ్లు, పిల్లలు, హోటల్లో బొంగులు కాల్చే కుర్రవాళ్లు. మూడో కోట దాటేసరికి హాలు నిండిపోయింది. నా వీపుకి ఎవరిదో మోకాలు తగులుతోంది.

“ఏట్రా, ఆ సిరిగిపోయిన బట్టల గుంటడు నువ్వేనేటి?” అంది పెద్దత్త.

“వాడు రాజు అత్తా.”

“రాజయితే ఆ గెంతులేటి? మీ తాత ఎప్పుడైనా గెంతినాడా?”

కాఫీ తాత గొంతు సవరించుకున్నాడు. “బాబూ, ఈ రాజు పొద్దుట్నుంచి ఏటైనా తిన్నాడా? పరిగెత్తడమే గాని కూకోడం నేదు.”

“ఇది ఆట తాతా.”

“ఆటయితే మాత్రం ఆకలెయ్యదేటి?” అన్నాడాయన. “వార్తలెప్పుడొస్తాయి?”

హాలు హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. పెదవి బిగించి నాలుగో కోట దాటాను, ఐదు దాటాను. అగ్నిగుండాలమీదనుంచి ఒక్క పొరపాటు లేకుండా రాజుని దాటించినప్పుడు ఒక్కడంటే ఒక్కడు మెచ్చుకోలేదు. ఫోన్‌లో కామెంట్లు కుప్పలుగా పడుతున్నాయి. నా చాకచక్యం గురించే అనుకుని ఓరకంట చూశాను. ‘ఆంటీని మాట్లాడమనండి.’ ‘రాజుకి అన్నం పెట్టండ్రా.’ ‘తాతకి వార్తలు పెట్టండి, పాపం.’ నా ఏళ్ల సాధన చూడమని లోకాన్ని పిలిస్తే లోకం నా వెనక చాపమీద కూర్చున్నవాళ్లని చూస్తోంది! బీచ్‌రోడ్ బావ కూడా అక్కడే ఉన్నాడు. ‘జనాన్ని తెచ్చి కూర్చోబెడితే ఫిల్టర్ ట్యూబ్ అయిపోద్దా?’ అని రాశాడు. జనాన్ని నేను తెచ్చానా? నేను గడియ పెట్టుకున్నవాణ్ణి!

ఎనిమిదో కోట. సింహాసనం కనిపిస్తోంది. దానిముందు నల్లకవచం తొడుక్కున్న చివరి శత్రువు. వాడికి ఇంకొక్క దెబ్బ తగిలితే చాలు, రాజ్యం మాది. సరిగ్గా అప్పుడు కరెంటు ఊగిసలాడింది. స్టెబిలైజర్ టకటకమంది. తెరమీద బొమ్మ కిందినుంచి పైకి దొర్లడం మొదలుపెట్టింది. రాజు తల కింద, కాళ్లు పైన.

“జరగరా,” అంది పెద్దత్త.

“అత్తా, వద్దు! ముట్టుకోకు!”

“నోరుముయ్యి. దీని రోగం నాకు తెలవదేటి?” అని, పమిట నడుముకి దోపి, టీవీ కుడిపక్కన, తాతగారి రోజుల్లో అలవాటైన చోట, చాచి ఒక్కటిచ్చింది.

బొమ్మ నిలబడింది. అద్దంలా నిలబడింది. హాలంతా “హో” అంది. ఆ దెబ్బకే టీవీమీదున్న గేమ్ పెట్టె ఎగిరిపడి, క్యాసెట్ ఊడి, రాజు గాలిలో ఎత్తిన కత్తితో బిగుసుకుపోయి, ముక్కలు ముక్కలై, మాయమయ్యాడు. తర్వాత నీలిరంగు తెర. ఎనిమిది కోటలూ గాలికి పోయాయి.

“సూసినావా, ఎంత సక్కగా వొచ్చిందో,” అంది పెద్దత్త, నీలి తెరని చూపిస్తూ.

నేను ఊడిపడ్డ క్యాసెట్‌ని ఏరుకున్నాను. ఫోన్‌లో మాటలకి కరువు లేదు. బీచ్‌రోడ్ బావ రాసింది అందరికంటే పైన నిలిచింది: ‘ఒప్పుకున్నా గురూ. కొడితే బాగయ్యే ఫిల్టర్ ఈ లోకంలో నేదు. అది ట్యూబే. తప్పు నాదే.’ చూశారా అన్యాయం? నేను ఏడు కోటలు గెలిచి నిరూపించలేనిది ఆవిడ ఒక్క చెంపదెబ్బతో నిరూపించింది! ఆ ముక్క కత్తిరించి ఎవరో ఫోన్లలోకి వదిలితే అది కొండ దిగి, కోస్తా అంతా తిరిగి, మళ్లీ మా లాడ్జికే వచ్చింది. గది తాళాలు తీసుకుంటూ అతిథులు నా ముఖంలోకి చూసి, “టీవీని కొట్టిన ఆంటీ మేనల్లుడు మీరేనా?” అని అడిగేవారు. ఆ ఆంటీ తండ్రి ఎవరో, ఆ ఇంటి పేరేమిటో ఒక్కడూ అడగలేదు. నేనెలా ఆడానో అసలే అడగలేదు.

ఇక మిగిలింది క్షమాపణ. నేను గెలవలేదు కాబట్టి వాడు రానక్కర్లేదు. అయినా వస్తానన్నాడు. నేను ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ముత్తాత కొండెక్కడంతో మొదలై, జీపులు, గోదాము మీదుగా, ‘ఒక ఇంటిని ఎవడిదని అడిగే ముందు’ అనే వాక్యంతో ముగుస్తుంది. అద్దంముందు పలుమార్లు చెప్పి చూసుకున్నాను. వాడు వచ్చే రోజున మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిటారుగా నిలబడ్డాను.

వచ్చినవాడు నాకన్నా చిన్నవాడు, సన్నగా, ఘాట్‌రోడ్డు మలుపులకి ముఖం పాలిపోయి ఉన్నాడు. చెప్పులు బయటే విడిచాడు. “మా తాతగారు,” అని నేను మొదలుపెట్టగానే నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని వీధి కాలవ దగ్గరికి పరిగెత్తాడు. పెద్దత్త వెనకాలే వెళ్లి, వీపు రాసి, ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు తాగించి, “పసిగుంటడు, ఏటీ తినకుండా బస్సెక్కీసినాడు,” అని నన్నే కోప్పడింది. ఎవరైనా సరే, వాంతి చేసుకుంటున్న మనిషికి వంశచరిత్ర చెప్పలేరు. ఆ ఉపన్యాసం ఇప్పటికీ నాకు నోటికొచ్చు. అందులో రెండు మంచి వాక్యాలున్నాయి. వినేవాడే దొరకలేదు.

కాస్త తేరుకున్నాక వాడు టీవీముందు కూర్చుని, “సారీ అన్నా,” అన్నాడు చాలా మెల్లగా. తర్వాత, “ఒక్కసారి ముట్టుకోనా?” అని అడిగాడు. నేను టీవీ పెట్టాను. వాడు అరచెయ్యి అద్దానికి దగ్గరగా తెచ్చాడు. చిటపటమని సన్నని చప్పుడు. వాడి చేతిమీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకుని లేచాయి. వాడు చిన్నపిల్లాడిలా కిలకిల నవ్వాడు. చిన్నప్పుడు నేనూ అలా చేసేవాణ్ణని అప్పుడు గుర్తొచ్చింది. దాన్ని పరువుగా చూసుకోవడం మొదలుపెట్టాక ఎన్నేళ్లయిందో, గుడ్డతో తుడవడమే గాని చేత్తో తాకలేదు. ఇస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచి, వాడి పక్కన నేనూ అరచెయ్యి ఆనించాను.

వంటింటినుంచి వచ్చిన పెద్దత్త మా ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. “ఏటర్రా, టీవీకి జొరమొచ్చిందేటి?”

ఎవరింటి మనవణ్ణో మరిచిపోలేదు కాబట్టి, వెన్ను నిటారుగా పెట్టి, హుందాగా చెయ్యి వెనక్కి తీసుకున్నాను. (వెంటనే కాదు. కాసేపయ్యాక.)