సమ్మవ్వ గోడ మీది మేకులు

ఢిల్లీలో ఏ సర్కారు గద్దెనెక్కినా గోదావరిఖని సమ్మవ్వను అడగకుండా పార్లమెంటులో ఒక్క చట్టం చెయ్యదు. ఆమె ఊఁ అంటేనే ఎంపీలు బల్లలు చరుస్తారు. ఆమె నశ్యం పీల్చి తుమ్మిందా, బిల్లు వెనక్కి పోయినట్టే.

ఈ సంగతి ఢిల్లీకి ఇంకా తెలియదు కానీ, ఆమె మనవరాలు సంధ్యారాణికి తెలుసు. పదో తరగతి రెండుసార్లు తప్పి ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ మనవరాలే.

సమ్మవ్వ మొగుడు గట్టయ్య బాయిలో, అంటే బొగ్గుగనిలో, కప్పు కూలి చనిపోయాడు. అతని నౌకరీ ఆమెకు వచ్చింది. ఆడవాళ్లు బాయిలోకి దిగొద్దని అప్పటి చట్టం. అందుకని ఆమెను పైన లాంపురూములో పెట్టారు. దిగే మనిషి ఇత్తడి బిళ్ల ఇచ్చి తలకు కట్టుకునే లాంపు తీసుకుంటాడు. పైకొచ్చాక లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల లాంపురూము గోడ మేకుకే వేలాడుతుంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు.

గట్టయ్య పోయిన నాడు అతని లాంపు పైకొచ్చింది. వెనకే వస్తున్నాడనుకుని తోటివాడొకడు దాన్ని తన లాంపుతో పాటు తెచ్చి ఇచ్చాడు. లాంపు చూసి అందరూ ఇళ్లకు పోయారు. మేకుకున్న బిళ్లను ఎవరూ చూడలేదు. తెల్లారేదాకా ఎవరూ వెతకలేదు.

అప్పటినుంచి సమ్మవ్వ ఇంట్లోనూ తలుపు పక్కన మేకులున్నాయి. ఎవరు బయటికి పోయినా సోడా మూతతో చేసిన తమ బిళ్ల తగిలించి పోవాలి, తిరిగొచ్చి తియ్యాలి. మురికి చేతులతో మాత్రం ముట్టొద్దు. స్నానం చేశాకే.

సంధ్యారాణి తండ్రి జైపాల్ నడుము పడిపోయి అన్‌ఫిట్ అయితే నౌకరీ ఆమెకు వచ్చింది. పైన ఆఫీసులో ఊడ్చే పని. ఇంతలో సర్కార్లు మారాయి, పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇష్టపడితే ఆడవాళ్లూ దిగొచ్చు.

"అవ్వా, నీ పార్లమెంటోళ్లు నన్ను దిగమన్నరు."

"ఇష్టముంటె దిగమన్నరు. నీ దస్కత్ లేకుంట ఎవడు దింపుతడు?"

"పెట్టిన. నువ్వు జిందగంత బాయి మూతి కాడనే నిలబడ్డవు. లోపట ఏమున్నదో చూసొచ్చి చెప్త తియ్యి."

"మీ తాత గూడ చూసిండు. చెప్పనీకి రాలే."

మొదటి షిఫ్టు రోజు పిల్ల బిళ్ల తగిలించి, అవ్వకు సెల్యూట్ కొట్టి పోయింది. సమ్మవ్వ నవ్వలేదు.

షిఫ్టు దిగే సైరన్ మోగినప్పుడు ఆమె రేషన్ షాపులో ఉంది. సంధ్యారాణి ఒళ్లంతా బొగ్గుతో ఇంటికొచ్చింది. నల్లాలో నీళ్లు రావడం లేదు. వెనక క్వార్టరులో మల్లక్క దగ్గరికి స్నానానికి పోయింది. బిళ్ల మేకుకే ఉంది. చేతులు మురికి కదా.

సమ్మవ్వ వచ్చింది. బిళ్లను చూసింది. బియ్యం సంచి గడపలోనే వదిలేసి ఆటో ఎక్కింది.

లాంపురూములో ఉన్నది తౌఫీఖ్. ఆమె దగ్గర పని నేర్చినవాడే. "ఫికర్ చెయ్యకు అవ్వా, పిల్ల లాంపు వచ్చింది. గదో, చార్జింగుల ఉన్నది."

"లాంపు అప్పుడు గూడ వచ్చింది, తౌఫీఖూ."

లాంపురూము మేకుకు పిల్ల బిళ్ల లేదు. పిల్లే స్వయంగా లాంపు ఇచ్చి బిళ్ల తీసుకుందా, ఇంకెవరైనా తీసుకున్నారా? గుంపులో అతనికి గుర్తు లేదు. తౌఫీఖ్ రిసీవర్ అందుకున్నాడు. కిందికి ఫోన్ కొట్టాడు. అది మోగుతూనే ఉంది. రెండో షిఫ్టువాళ్లు బాయి మూతి దగ్గరే ఆగిపోయారు. ముసలామెను ఎవరూ కసరలేదు. ఫోన్ ఎత్తే చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు.

అప్పుడు గడపలో బియ్యం సంచి చూసి సంగతి గ్రహించిన సంధ్యారాణి, తడి జుట్టుతో మల్లక్క కొడుకు బండి దిగింది. సమ్మవ్వ ఆమె జుట్టు ముట్టి చూసింది, చెవుల వెనక మిగిలిన బొగ్గు ముట్టి చూసింది.

ఇంటికొచ్చి పిల్ల బిళ్ల తీసింది. పొద్దున మళ్లీ తగిలించాల్సిందే. కింద కప్పునుంచి సన్నగా మట్టి రాలుతుంటే విన్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. ఆ మాట అవ్వకు చెప్పలేదు. చెప్పకుండా నవ్వింది.

"అవ్వా, మమ్ముల పైలంగ, ఏ ఆపద రాకుంట, చూడాలెనని గూడ చట్టంల రాసిన్రంట. ఇంకేం భయం?"

"రాసినోళ్లు రేపు నీతోని దిగుతరా? దిగితె ఆళ్ల బిళ్లలు గూడ తెమ్మను. గోడకు మేకులు కొడ్త."