తళతళలాడిన స్పేసరు

ఆ రోజుల్లో, అంటే తొంభైలు ముగింపుకొస్తున్న కాలంలో, బేరమాడకుండా వస్తువు కొన్నవాణ్ణి మా ఇంట్లో జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. మాది తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మా అమ్మ చెప్పేది (పాలవాడు వచ్చినప్పుడు ఏడ్చి ఇంకాస్త పోయించుకునేవాణ్ణట, అది ఆకలో బేరమో నేటికీ తేలలేదు). అందుకే, మా అక్క కొడుక్కి ఉబ్బసమని తేల్చి, పిల్లల డాక్టరమ్మగారు పంపు మందూ, దాన్ని పీల్పించడానికి స్పేసరూ రాసిచ్చినప్పుడు, కొనుక్కొచ్చే పని నాకే అప్పగించారు.

స్పేసరంటే బ్రహ్మవిద్యేం కాదు. చిన్న సొరకాయంత ప్లాస్టిక్ డొల్ల, అద్దంలా లోపలంతా కనిపిస్తుంది. ఒక కొసన మందు పంపు గుచ్చుతారు, రెండో కొసన పిల్లాడి ముక్కూ నోరూ మూసే తొడుగు ఉంటుంది. పంపు నొక్కితే మందు డొల్లలో పొగలా నిలుస్తుంది, నాలుగేళ్లవాడు కూడా నింపాదిగా పీల్చుకుంటాడు. లోపల ఏమీ లేని డొల్లకి ఇంత ధరేంటని, గాలిక్కూడా డబ్బు కట్టాలా అని నేను మందుల షాపు బాబాయిని అడిగి, అడిగి, ఆయన విసిగిపోయి కొంత తగ్గించి, కొసరుగా ఒక దూది చుట్ట ఇచ్చాక గానీ గుమ్మం దిగలేదు.

ఇక్కడ అక్క కాపురం సంగతి చెప్పాలి. అత్తవారిది రేపల్లె, బావ ఉద్యోగం బాపట్లలో. బావ అక్కడ ఇల్లు కూడా మాట్లాడి ఉంచాడు. కానీ సముద్రపు గాలికి పిల్లాడి ఆయాసం ఎక్కువవుతుందని, తగ్గిందని డాక్టరమ్మ నోట వింటే తప్ప బాపట్ల పంపేది లేదని అక్క అత్తగారు భీష్మించారు. వైద్యానికని మా ఇంటికొచ్చిన అక్క, బాపట్ల వంటింట్లో ఏ గిన్నె ఏ అరలో పెట్టాలో అప్పటికే నిర్ణయించేసుకుంది. పాపం, ఆ గిన్నెలన్నీ ఈ డొల్లమీదే ఆధారపడి ఉన్నాయి.

పొద్దునా సాయంత్రం మందు పట్టే ఉద్యోగం మేనమామగా నాది. పట్టగానే డొల్లమీద ఆవిరి మరకలు తేలేవి, అవి మా నాన్న కంట్లో నలుసుల్లా పడేవి. మసకబారిన సరుకుంటే లక్ష్మి వీధిలోంచే వెళ్లిపోతుందని ఆయన సిద్ధాంతం. కడిగి, మెత్తటి గుడ్డతో లోపలా బయటా తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, మళ్లీ తుడిచేవాడు. ఆయన కొట్టుకి వెళ్లాక మిగిలిన మెరుపు నేను రాబట్టేవాణ్ణి. ఇంటికొచ్చినవాళ్లు అది గాజుదా అని అడిగితే మా ఇద్దరికీ కడుపు నిండేది.

వారాలు గడిచినా పిల్లాడి ఛాతీలో పిల్లికూతలు మాత్రం తగ్గలేదు. రేపల్లె నుంచి 'నే చెప్పలేదా' అన్న కబురొచ్చింది. అక్క గిన్నెల ఊసెత్తడం మానేసింది. అమ్మ నావైపు చూసి, "గీసి గీసి బేరమాడావు, ఆ షాపువాడు పనికిరాని సరుకు నీకు అంటగట్టాడు" అంది. బేరగాడికి ఇంతకన్నా అవమానం లేదు. వెళ్లి షాపు బాబాయితో పోట్లాడితే, బాగాలేదని డాక్టరమ్మగారు అంటే మార్చిస్తానన్నాడు. సరే, సాక్ష్యానికి నాన్ననీ, అక్కనీ, పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి బయల్దేరాను.

లోపం సరుకుదే గానీ మా పోషణది కాదని నిరూపించడానికి నాన్న స్పేసరు తీసి బల్లమీద పెట్టాడు. "చూడండమ్మా, కొన్న రోజుకన్నా తళతళలాడుతోంది. రోజూ రెండు పూటలా గుడ్డెట్టి తుడుస్తాం."

డాక్టరమ్మగారు ఆయన భుజంమీది కండువా అడిగి తీసుకున్నారు. దాంతో డొల్లని గట్టిగా రుద్ది, పాత పేపరు చించి ముక్కలు చేసి దగ్గర పెట్టారు. ముక్కలు ఎగిరొచ్చి డొల్లకి అంటుకున్నాయి. పిల్లాడు చప్పట్లు కొట్టాడు. (కొట్టులో పొద్దుట తుడిచిన ప్లాస్టిక్ మగ్గులకి దుమ్ము ఇలాగే ఎగిరొచ్చి అంటుకోవడం నేను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను.)

"మందు కూడా ఇలాగే గోడకంటుకుని కూర్చుంటోందండి. ఇంక పిల్లాడికి ఏం అందుతుంది?" అన్నారావిడ. సబ్బునీళ్లతో కడిగి, దానంతటదే ఆరనివ్వాలనీ, గుడ్డ తగలనివ్వొద్దనీ చెప్పారు.

"మరకలు పడతాయి కదమ్మా" అన్నాడు నాన్న, దీనంగా.

"పడనివ్వండి. మీరు దీన్ని అమ్మడం లేదు కదా."

ఆ తర్వాత స్పేసరు పెరటి దండెం పక్కన మరకలతో ఆరుతుంటే నాన్న అటువైపు వీపు పెట్టి పేపరు చదువుకునేవాడు. పిల్లికూతలు మెల్లమెల్లగా సన్నగిల్లి, ఒకరోజు వెతికినా వినబడలేదు. డాక్టరమ్మగారు సరేనన్నారు. రేపల్లె అత్తగారు మనవడి వీపుకి తన చెవి ఆనించి మరీ విని, ఆవకాయ జాడీ ఒకటి సర్ది ఇచ్చారు.

బాపట్ల ఇల్లు మేడమీద. గిన్నెల మూట నా భుజాన, జాడీ నా చంకన. పిల్లాడు ముందు పరిగెత్తాడు. సగం మెట్లెక్కేసరికి నేను మూట దించి, గోడకానుకుని రొప్పుతున్నాను. వాడు పైనుంచి చూసి, గబగబా దిగొచ్చి, తన అరచేతిని తొడుగులా నా ముక్కూ నోరూ మూసేలా పెట్టాడు.

"నెమ్మదిగా పీల్చు మామయ్యా. తొందరేం లేదు."

ఇప్పుడు ఏ ఊరెళ్లినా ముందు లిఫ్టు ఎక్కడుందని అడిగే వయసు నాది. ఆ మెట్టుమీద రొప్పుతున్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. కిక్కురుమనకుండా కూర్చుని, మేనల్లుడు చెప్పినట్టే పీల్చాను. అంత బుద్ధిగా నేను మళ్లీ ఎవరి మాటా విన్న గుర్తు లేదు.