ధర్మపురిలో మా అవ్వ పాడిన పద్యం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి టీ పెట్టడానికి పోయే రకం. కరీంనగర్‌లో బడిపిల్లలకు సైన్సు చెబుతాను. చచ్చినవాళ్లు లేస్తారని ఏ పిల్లవాడైనా అంటే, బోర్డు మీద గుండె బొమ్మ గీసి అది ఎలా ఆగిపోతుందో చూపిస్తాను. ఇది రాస్తున్నది కూడా ఆ మనిషే. అందుకే నాకు నెమ్మది లేదు.

నన్ను కన్న అవ్వ నాటకాల మనిషి. హుస్నాబాద్‌లో మగ్గాల ఇంట్లో పుట్టిన లచ్చవ్వ, స్టేజీ మీద లలితాదేవి. ఊరికొచ్చిన నాటక సమాజం వెంట చిన్నప్పుడే వెళ్లిపోయింది. రాణి వేషం కట్టి, చివరి అంకంలో విషం తాగి, పద్యం పాడుతూ ప్రాణం విడిస్తే చెన్నూరు నుంచి ఆదిలాబాద్ దాకా జనం ఏడ్చేవాళ్లట. తర్వాత మద్రాసు పోయి సినిమాల్లో అక్కగానో వదినగానో చేసింది. అక్కడ ఆమె పెదాలు కదిపితే ఇంకెవరో పాడేవాళ్లు. నాటకాలనేమో ఎవరూ రికార్డు చెయ్యలేదు. అట్లా మా అవ్వ గొంతు ఎక్కడా మిగల్లేదు.

నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. అవ్వ తను నాటకం ఆడే చోటికి నన్ను రానిచ్చేది కాదు. ఇంట్లో పాడమంటే, ముఖానికి రంగు లేనిదే పాట రాదని తప్పించుకునేది. ఊరూరా జనం విన్న పాటను కన్నబిడ్డ వినకపోవడం ఏం న్యాయమని పెద్దయ్యాక కూడా పోట్లాడేదాన్ని. ఇద్దరం మొండివాళ్లమే. చివరికి ఆమెకు గొంతులో రాచపుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడకు ఒక రంధ్రం మిగిలింది. అందులోంచి ఊపిరి తప్ప ఏమీ రాదు. ఇక ఈ జన్మకు వినలేనని ఆస్పత్రి బయట కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

పోయిన ఎండాకాలం, తను చివరిదాకా ఉన్న ధర్మపురి ఇంట్లో, పొద్దునపూట అవ్వ పోయింది. ఆ వీధిలోనే ఉండే ఆస్పత్రి నర్సు వచ్చి నాడి చూసింది, కళ్లు చూసింది, పోయిందని చెప్పింది. దవడ జారకుండా గుడ్డ కట్టాం. కాలి బొటనవేళ్లు కలిపి కట్టాం. తలాపున దీపం పెట్టాం. ఒళ్లు చల్లబడటం నా చేత్తో నేనే చూశాను. తర్వాత ఎన్నోసార్లు నన్ను నేనే నిలదీసుకున్నాను కాబట్టి ఇవన్నీ చెబుతున్నాను.

మధ్యాహ్నం ఖాజా మామ వచ్చాడు. అవ్వ పద్యాలకు బతుకంతా హార్మోనియం వాయించిన మనిషి. ఇల్లు పక్క వీధిలోనే. మతిమరుపు వచ్చి కోడలినే గుర్తుపట్టడం లేదు. అవ్వ సంగతి చెప్పి ఆ కోడలే బయల్దేరదీస్తే, హార్మోనియం కూడా పట్టుకురమ్మని పట్టుబట్టాడట. లోపలికొచ్చి, పడుకున్న అవ్వను చూసి నవ్వాడు. చివరి అంకం నడుస్తోందని అనుకున్నాడు పాపం.

ఆ కాలం నాటకాల్లో పద్యం నచ్చితే జనం మళ్లీ పాడమని కేకలు వేసేవాళ్లు. అప్పుడు చచ్చిపడిన పాత్రైనా సరే, లేచి ఇంకోసారి పాడి, ఇంకోసారి చావాలి. అవ్వ ఏనాడూ కాదనలేదట.

ఖాజా మామ శ్రుతి పట్టి నిమ్మళంగా అన్నాడు: "వన్స్ మోర్, లలితమ్మా."

నేను అవ్వ పక్కనే కూర్చుని, కరీంనగర్ నుంచి బయల్దేరుతున్న మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతున్నాను. పాట మొదలైంది. పడుచు గొంతు, చిక్కటి గొంతు. అంతకుముందు నేను ఎన్నడూ వినలేదు. అయినా ఎవరిదో నాకు తెలిసిపోయింది. అవ్వ పెదాలు కదలడం లేదు. దవడ గుడ్డ ముడి ముడిలాగే ఉంది. మెడ రంధ్రం మీద వేలు పెట్టాను. గాలి లేదు. ఈ పాట ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటున్నాను.

ఆగిపోయింది. ఫోన్లో మా ఆయన విసుక్కున్నాడు.

"శవమున్న ఇంట్ల పాటలేంది? జర గా టీవీ బంద్ చేయించు."

ఆ ఇంట్లో టీవీ లేదు. ఖాజా మామ కోడలేమో అక్కడే నిలబడి, హార్మోనియం తప్ప ఏమీ వినలేదని ఇవాళ్టికీ ఒట్టేసి చెబుతుంది.

మామ నా వైపు తిరిగాడు. "నువ్వు గూడ అను బేటీ. ఎన్నిసార్లన్న లేస్తది గామె."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కసారి వింటే చాలనుకున్నదాన్ని, నాకు ఇప్పుడు చాలడం లేదు. కానీ లేస్తే, పాడాక మళ్లీ చావాలి కదా. అవ్వ ముఖం చూశాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నేను విన్నదేమిటో, మా ఆయన విన్నదేమిటో నాకు తెలియదు. చెప్పగలిగిన వాళ్లు ఇంతవరకు కనబడలేదు. బస్సులో కూర్చున్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడు ఆ మాట ఉన్నట్టుండి గొంతులోకి వస్తుంది. పళ్లు బిగించుకుంటాను. పైకి అంటే నిజంగానే లేస్తుందేమోనని నా భయం.