నా భయానికో మేకు

లేదు, లారీ కింద పడి కాదు. మా మావయ్య ఇంట్లోనే, మంచం మీదే పోయాడు. మంగళవారం జ్వరం వచ్చింది, ఆదివారం పొద్దునకి అయిపోయింది. పొద్దస్తమానం సైకిలు మీద ఉండే మనిషి కదా, మీరు లారీ అనుకుంటారని ముందే చెప్తున్నాను. నాకెప్పుడూ ఆ భయమే ఉండేది.

మావయ్య అంటే మా అమ్మకి అన్న. మా దీవికి రాజధాని పోర్ట్ లూయీ, అక్కడి రోడ్ల ఆఫీసులో పని. ఆయనింట్లో గోడకి ఒక పెద్ద చెక్క ఆనించి ఉండేది. దాని మీద మ్యాపు అంటించి మేకులు కొట్టాడు. ఒక్కో సైకిలువాడికి ఒక్కో ఎర్ర దారం, వాడు పోయే దారి వెంట కట్టాలి. మేకులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేవాడు, సగం మాటలు అర్థమయ్యేవి కావు. దారాలు ఎక్కువ పడ్డ దారి ఉంచుతారు, పడని దారికి గేటు పెట్టి మూసేస్తారు. దేశానికి స్వతంత్రం వచ్చి కొత్త జెండా ఎగిరేలోగా తేల్చమన్నారట.

మా టేర్ రూజ్ నుంచి పాంప్లెమూస్‌కి రెండు దారులు. పెద్ద రోడ్డు దగ్గరి దారే, కానీ దాని నిండా చెరుకు లారీలు. రెండోది చెరుకు తోటల్లోంచి, చుట్టు. నేను పాంప్లెమూస్‌లో బేకరీ పనికి తోట దారినే పోతాను. ఒకసారి పెద్ద రోడ్డు మీద, లారీలోంచి వేలాడుతున్న చెరుకుగడ నా చెవి పక్కనుంచి పోయింది. తగల్లేదు. ఆ గాలి మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. తోట దారికి గేటు పడితే నాకిక ఆ రోడ్డే గతి.

సైకిలువాడు ఎప్పుడూ దగ్గర దారే పడతాడని ఆఫీసువాళ్ళ లెక్క. మావయ్యకి నమ్మకం కుదరలేదు. చూద్దామని పొద్దున్నే తోట దారి మొదట్లో నిలబడ్డాడు. ముందు వచ్చింది పాల తాత.

"ఎక్కడికి తాతా?"

తాత బ్రేకు నొక్కేశాడు. "బయల్దేరినోణ్ణి ఎక్కడికంటావా! నీ నోట్లో మన్ను పడ! పాలన్నీ విరిగిపోతాయి ఇయాళ."

మావయ్య కంగారుపడి అదే మాట ఇక్కడి క్రియోల్ భాషలో అడిగాడు. "కొత్ తో పే అలే?"

"ఏ భాషలో అడిగినా అపశకునమేరా బడుద్ధాయ్!"

తాత ఇంటికెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు, ఈసారి బడి వెనకనుంచి. మర్నాటినుంచి మావాళ్ళంతా బడి వెనకనుంచే తోటలోకి దూరారు. మావయ్యకి ఒక్కడూ కనపడలేదు. చెక్క మీద తోట దారి బోసిగా ఉండిపోయింది. అంటే గేటు దానికే.

అత్త నవ్వింది. "నేను గుడికెళ్తూంటే ఎవరన్నా ఎక్కడికంటే మీరే తిడతారు. ఆఫీసు చొక్కా తొడగ్గానే మర్చిపోయారా? వచ్చేటప్పుడు అడగండి, ఎవరికేం నొప్పి?"

ఆ రోజునుంచి సాయంత్రాలు నిలబడ్డాడు. "ఎటునుంచి వచ్చావు?" అంటే జనం దిగి, సిగరెట్టు ముట్టించి మరీ చెప్పారు. పెద్ద రోడ్డు మీద ఎదురుగాలని ఒకడు, అక్కడి కుక్క మంచిది కాదని ఇంకొకడు. నాకు నలుగురిలో నోరు పెగలదు. నన్నడిగితే తల దించుకుని, "భయం మావయ్యా" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇంటికొచ్చి, పెద్ద రోడ్డుకి కాస్త అవతల ఇంకో మేకు కొట్టాడు. నా దారం ఆ రోడ్డు వెంట లాగి, కొత్త మేకు చుట్టూ తిప్పి, తోట దారి దారం పక్కన పెట్టి కొలిచాడు.

"చూడు అల్లుడూ, భయం కూడా దూరమే. ఇప్పుడేది పొడుగు?"

పెద్ద రోడ్డే పొడుగు.

దారాలు సగమే కట్టాడు, అంతలో ఆ జ్వరం. శ్మశానంనుంచి వచ్చేటప్పుడు పాల తాత కండువాతో మొహం తుడుచుకుంటూ అన్నాడు. "అందర్నీ ఎక్కడికి ఎక్కడికి అన్నాడు. తనని మాత్రం ఎవరూ అడక్కుండానే పోయాడు."

నిన్న పొద్దున మావయ్య బదులు ఆఫీసునుంచి కొత్తాయన వచ్చి తోట దారి మొదట్లో నిలబడ్డాడు, అదే ప్రశ్నతో. మావాళ్ళంతా బడి వెనక్కి తిరిగిపోయారు. నేనూ తిరిగాను. ఆయనకి కనపడింది ఖాళీ దారి. రేపటితో ఆయన పని అయిపోతుందట. సాయంత్రం రండి బాబూ అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పాలంటే ఆయన ముందు ఆగాలి. ఆగితే ముందు ఆయనే అడుగుతాడు. ఇంట్లో మనిషి పోయి వారం కాలేదు, ఆ మాట అనిపించుకుని బయల్దేరడం ఎలా?

చెక్క ఇంకా అక్కడే ఉంది. ముడి వెయ్యని దారం ఒకటి నా మేకునుంచి వేలాడుతోంది, తలుపు తీసినప్పుడల్లా ఊగుతోంది. రేపు పొద్దున నా సైకిలు మీద మీరుంటే, ఆగుతారా?