కర్చీఫ్ వేసిన సీటు

మా ఊరికి బస్సు తీసేసినప్పుడు ఊరంతా ప్రభుత్వాన్ని తిట్టింది. అందరికన్నా గట్టిగా తిట్టింది నేనే. ఆడవాళ్ళకి టికెట్ అక్కర్లేదని ఊరించి, ఎక్కడానికి బస్సే లేకుండా చేస్తే ఒళ్ళు మండదా? నిజానికి నాకు కారుంది. కాలేజీకి అందులోనే వెళ్ళి పాఠాలు చెప్పి వస్తాను. కష్టమంతా మా పక్కింటి అమ్మాయిది. రాజమండ్రిలో బట్టల కొట్లో పని, జీతం చాలావరకు ఆటోలకే పోతోంది. ఈ మాత్రానికి వెళ్ళడం ఎందుకు, మానెయ్యమని ఇంట్లో గొడవ.

కొందరం కలిసి డిపోకి వెళ్ళాం. నోరున్నదాన్ని కదా, నన్నే ముందు నిలబెట్టారు. క్లాసులో దంచినట్టు దంచేశాను. మేనేజరుగారు ఓపిగ్గా విని కిటికీలోంచి చూశారు. బయట హారన్ మోగుతూనే ఉంది.

"ముందు గేటుకి అడ్డంగా పెట్టిన మీ కార్లు తీయించండి మేడమ్. బస్సు బయటికెళ్ళాలండి."

తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పెద్దమనిషి. పొద్దున ఒక ట్రిప్పు వేస్తాం, జనం ఎక్కితే ఉంచుతాం అన్నారు. నేను రోజూ ఎక్కుతానని అందరి ముందూ మాటిచ్చాను.

కొన్నాళ్ళు ఎక్కాను కూడా. నేనెప్పుడూ ఆలస్యమే. ఆ అమ్మాయి ముందే ఎక్కి పక్క సీట్లో కర్చీఫ్ వేసి నాకోసం ఆపేది. తర్వాత ఒకరోజు ముసురు పట్టింది. నేనొక్కదాన్ని ఎక్కకపోతే ఏమవుతుందిలే అనుకుని కారు తీశాను. ఆ తర్వాత తీయడానికి సాకు కూడా వెతుక్కోలేదు.

ఒక పొద్దున రైల్వే గేటు పడింది. నా కారు పక్కనే మా బస్సు వచ్చి ఆగింది. సగానికి పైగా ఖాళీ. కిటికీ దగ్గర ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. పక్క సీటు మీద నుంచి కర్చీఫ్ తీసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. గేటు ఎత్తేదాకా ఫోను చూస్తున్నట్టు నటించాను.

మళ్ళీ బస్సు తీసేశారు. ఆ అమ్మాయి పని మానేసింది. పలకరిద్దామని వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక మళ్ళీ ప్రభుత్వం మీదే పడ్డాను. రోజుకి ఒక్క ట్రిప్పు వేసి జనం ఎక్కలేదంటే ఎలా, సాయంత్రం ఇంటికెలా రావాలి అని అరిచాను. అదీ నిజమే. ఆమె కాఫీ తెచ్చి చేతికిచ్చింది.

"బాధపడకండి మేడమ్‌గారండీ. మీరొక్కరు ఎక్కితే మాత్రం ఉంచేవారా ఏంటి?"

కారు తీసిన రోజు నాకు నేను చెప్పుకున్న మాటే అది. అప్పుడెంతో హాయిగా అనిపించింది. ఆమె నోట విన్నాక మాత్రం కాఫీ అక్కడే పెట్టేసి లేచి వచ్చేశాను.